అయిదో తరగతి దాటాక: మన సంఘం 2024-25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఏటా ఈ నివేదికలో ఏటిగట్టు, మంచినీళ్లు, వీధి దీపాల సంగతులు ముందు వచ్చేవి. ఈసారి వాటిని చివరకు జరిపి ఆడపిల్లల చదువును ముందుకు తెచ్చాను. కార్యవర్గం ఈ ఏడాది ఎక్కువ రోజులు తిరిగింది దాని కోసమే. ఎందుకు తిరగవలసి వచ్చిందో సభ్యులకు వివరంగా చెప్పడం కార్యదర్శిగా నా బాధ్యత.

గత జూన్‌లో బడులు తెరిచే ముందు మేము గోదావరి మధ్యనున్న మన లంకలో ఇంటింటికీ వెళ్లాం. అయిదో తరగతి పూర్తయిన పిల్లలు ఏటికి అవతల ఉన్న హైస్కూల్లో చేరుతున్నారో లేదో కనుక్కోవడం మా పని. ఒక ఇంట్లో నాయనమ్మ ట్రంకుపెట్టె తెరిచి ప్లాస్టిక్ సంచి తీసింది. అందులో రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, వాటి మధ్య నాలుగు మడతలు పెట్టిన టీసీ. దాని మీద తేదీ అంతకు ముందు ఏడాదిది. అమ్మాయి అయిదు పాసైంది, బడివాళ్లు టీసీ ఇచ్చారు, ఆ కాగితం మరో బడికి చేరనేలేదు. తల్లి కువైట్‌లో ఇంటిపనికి వెళ్లింది. తండ్రి రొయ్యల చెరువు దగ్గర రాత్రి కాపలా. మూడో తరగతి చదివే తమ్ముణ్ని తయారు చేసి పంపడానికి, నాయనమ్మకు వంటలో సాయానికి పిల్ల ఇంట్లో ఉండిపోయింది. మేము మాట్లాడుతుండగానే ఆ పిల్ల పెరట్లో గిన్నెలు తోముతూ తమ్ముడి చేత ఏడో ఎక్కం చెప్పిస్తోంది. వాడు తడబడిన చోట తల ఎత్తకుండానే అందించింది.

ఆ పిల్ల చదువుకు ఎవరూ ఫీజు అడగలేదు. పుస్తకాలు ఉచితం, మధ్యాహ్న భోజనం ఉచితం. అయినా చదువు ఆగిపోయింది. ఈ ఏడాది మేము చేసిన పనంతా ఆ టీసీ దగ్గరే మొదలైంది.

సభ్యుల ప్రశ్న, మా చదువు

వర్షాకాలంలో జరిగిన సభలో ఒక పెద్దాయన లేచి అడిగారు. "ఆడపిల్లల్ని చదివిస్తే పిల్లల్ని తక్కువ కంటారని మా చిన్నప్పటి నుంచి వింటున్నాం. ఇప్పుడు మన దగ్గర కాన్పులే తగ్గిపోయాయి. ప్రభుత్వమే ఎక్కువ మందిని కనమంటోంది. ఇంకా ఈ తిరుగుడు దేనికి?" న్యాయమైన ప్రశ్న. ఇద్దరికి మించి పిల్లలున్నవారు పంచాయతీకి పోటీ చేయరాదని 1994లో పెట్టిన నిబంధనను 2024 నవంబరులో మన శాసనసభ తీసివేసింది కూడా. అందుకని ఆయనకు అప్పటికప్పుడు జవాబు చెప్పకుండా, కార్యవర్గంలో నలుగురం కూర్చుని దొరికినంత చదివాం. తెలుసుకున్నదాన్ని ఇక్కడ రాస్తున్నాను.

ప్రాథమిక విద్యను ఒక్కసారిగా ఉచితం చేస్తే ఏమవుతుందో బాగా కనిపించేది ఆఫ్రికా దేశాల్లో. మన దగ్గర ఆ మార్పు దశాబ్దాల మీద మెల్లగా జరిగింది. అక్కడ ఒక్క ఏడాదిలో జరిగింది కాబట్టి ముందు పుట్టిన పిల్లలనూ తర్వాత పుట్టిన పిల్లలనూ పక్కపక్కన పెట్టి చూడవచ్చు. నైజీరియా 1976లో ఫీజులు తీసేసింది. అలా ఎక్కువ చదివిన ఆడపిల్లలు పెద్దయ్యాక ఎంతమందిని కన్నారో ఓసిలి, లాంగ్ అనే ఆర్థికవేత్తలు 2008లో లెక్క కట్టారు. ఒక్క ఏడాది అదనపు చదువుకు పాతికేళ్లలోపు కాన్పులు సగటున 0.26 తగ్గాయి. మన భాషలో చెప్పాలంటే, నలుగురు ఆడపిల్లలు తలా ఒక ఏడాది ఎక్కువ చదివితే, నలుగురికీ కలిపి పాతికేళ్లలోపు ఒక కాన్పు తగ్గుతుంది. చూడటానికి చిన్న లెక్క. దేశమంతా వేసుకుంటే చాలా పెద్దది.

ఉగాండా 1997లో మొదలుపెట్టినప్పుడు ఇంటికి నలుగురు పిల్లలకే ఉచితం అంది. అంతకు ముందు ఏడాది సుమారు 30 లక్షలున్న ప్రాథమిక బడి పిల్లలు ఆ ఏడాది 50 లక్షలు దాటారు. మలావీలో 1994లోనూ ఇలాగే పిల్లలు వెల్లువలా వచ్చారు. అక్కడ గదులు చాలలేదు, పంతుళ్లు చాలలేదు, చెట్ల కింద వందమందికి పైగా కూర్చోవలసి వచ్చింది. ఉచితం అనగానే వచ్చిన పిల్లలకు చదువు సరిగ్గా అబ్బకపోతే ఆ ఉచితానికి విలువేముంటుందని అక్కడి వాళ్లు అడిగారు. ఆ మాట మనకూ తగులుతుంది.

ఉగాండాలో అలా చదువుకున్న తరం మొదటి కాన్పును వాయిదా వేసుకుంది, తక్కువ మందిని కన్నది, పసిపిల్లలకు టీకాలు ఎక్కువగా వేయించింది. ఇందులో బడి చేసే పని ఒకటి కాదు, చాలా ఉన్నాయి. బడికి వెళ్లే పిల్లను చూసి ఇంట్లో ఎవరూ సంబంధాల మాట ఎత్తరు, ముందు అది. టీకా కార్డు మీద తేదీ తనంతట తాను చదువుకోగలదు. ఆశా కార్యకర్త చెప్పినదాన్ని అత్తగారికి తిరిగి చెప్పే ధైర్యం వస్తుంది. పుట్టినవాళ్లు బతుకుతారన్న నమ్మకం కుదిరాక ఇంకొకరిని కనాలన్న ఆరాటం తగ్గుతుంది. ఇండొనేషియాలో 1970లలో ప్రభుత్వం 61 వేల ప్రాథమిక బడులు కట్టినప్పటి పిల్లల మీద జరిగిన అధ్యయనంలో, పెళ్లి వయసును, తొలి కాన్పులను కదిపింది తండ్రి చదువుకన్నా తల్లి చదువే ఎక్కువని తేలింది.

మన లెక్క వేరు

ఇదంతా చదివి మేము ఆగిపోయి ఉంటే పెద్దాయన ప్రశ్నకు సగం జవాబే దొరికేది. ఎందుకంటే ఆంధ్రలో కథ అలా నడవలేదు.

1981లో ఆంధ్రప్రదేశ్‌లో చదవడం, రాయడం వచ్చిన ఆడవాళ్లు నూటికి 24 మంది. 1991కి 33 మంది. ఇంత తక్కువ చదువుతోనే 1992-93 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో ఒక్కో స్త్రీకి సగటున 2.6 కాన్పులు, దేశంలో 3.4. 2019-21 సర్వేకి మనం 1.7కు దిగాం. చదువు రాని తల్లులే పిల్లల సంఖ్య తగ్గించుకున్నారు. 1990లలో దేశంలో తగ్గిన కాన్పుల్లో సగానికి పైగా చదువు లేని స్త్రీల వల్లే తగ్గాయని జనాభా శాస్త్రజ్ఞులు చెబుతారు. మన దగ్గర దానికి దారి కుటుంబ నియంత్రణ ఆపరేషన్. 2019-21 సర్వే నాటికి కూడా రాష్ట్రంలో పెళ్లయిన ఆడవాళ్లలో నూటికి 70 మంది దాకా ఆ ఆపరేషన్ చేయించుకున్నవారే.

చదువు రాని తల్లి ఎందుకలా నిర్ణయించుకుంది? ఈ సంగతి ఏ కాగితంలో కన్నా మన సభ్యురాలు ఒకావిడ చెప్పిన మాటలో నాకు బాగా అర్థమైంది. ఆవిడకు డెబ్బై దాటాయి. సంతకం రాదు, మన సభ్యత్వ పుస్తకంలో ఆవిడది వేలిముద్రే. చదువు గురించి మేము మాట్లాడుకున్న ఒక సాయంకాలం చివర కూర్చుని అంతా విని ఇలా అంది.

"అమ్మాయీ, మా అమ్మకు మేము ఏడుగురం. అందరం పీచు కొట్టాం, తాడు పేనాం. ఎంతమంది ఉంటే అంత తాడు. నా పిల్లలు బడికి పోయారు. ఫీజు లేదన్నారు, నిజమే. కానీ పలక కావాలి, తలకు నూనె కావాలి, ఉతికి కట్టుకోవడానికి రెండో గౌను కావాలి. ఇద్దరికి కొన్నాను. మూడోవాడికి కొనలేనని తెలిసింది. ఆపరేషన్ చేయించుకున్నాను."

జాన్ కాల్డ్‌వెల్ అనే జనాభా శాస్త్రవేత్త 1980లో ఇదే విషయం రాశారు. పిల్లలందరూ బడికి వెళ్లడం మొదలైతే ఇంట్లో పిల్లవాడు పనిచేసే చెయ్యి కాకుండా పోతాడు, పెట్టుబడి పెట్టవలసిన మనిషి అవుతాడు, కాన్పులు తగ్గడం అక్కడే మొదలవుతుంది అని. ఆయన పేరు వినని మన సభ్యురాలు తన బతుకులోంచి ఆ మాట చెప్పింది. ఉచిత బడి మన లంకలో రెండు తరాల మీద పని చేసింది. బడిలో కూర్చున్న పిల్ల మీద తర్వాత, ఆ పిల్లను పంపిన తల్లి మీద ముందు.

కాబట్టి పెద్దాయన అన్నది నిజం, సంఖ్య ఎప్పుడో తగ్గింది. తగ్గనిది వయసు. అదే 2019-21 సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 20-24 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి 29 మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. దేశ సగటు 23. పదిహేను నుంచి పందొమ్మిదేళ్ల వాళ్లలో నూటికి 12 మందికి పైగా అప్పటికే తల్లులో గర్భవతులో అయ్యారు. దేశంలో ఇది 7కు లోపే. పదిహేడుకి పెళ్లి, పద్దెనిమిదికి ఒకరు, ఇరవైకి ఇంకొకరు, పాతికలోపు ఆపరేషన్. లెక్కకు ఇద్దరే పిల్లలు. ఆ ఇద్దరినీ కన్నది ఇంకా పూర్తిగా ఎదగని ఒళ్లు. కాన్పుల సంఖ్య చూసి మనం బాగున్నామనుకుంటే ఆ అమ్మాయిలకు అన్యాయం చేసినట్లే.

ఈ వయసును కదిపేది హైస్కూలు. ప్రాథమిక బడి పిల్లను పదేళ్ల దాకా కాపాడుతుంది. పెళ్లి మాటలు వచ్చేది పదమూడు దాటాక. విద్యా హక్కు చట్టం కూడా పద్నాలుగేళ్ల దగ్గర, ఎనిమిదో తరగతి దగ్గర ఆగిపోతుంది. మన పిల్లలకు అయిదుకూ ఆరుకూ మధ్య ఏరు ఉంది.

పడవ

వీరేశలింగం పంతులు ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి తెరిచింది 1874లో. 2024కు నూట యాభై ఏళ్లు. ఇదే గోదావరి మీద, మనకు ఎగువన. దాన్ని గుర్తు చేసుకుని పూలదండతో సరిపెట్టడం కార్యవర్గానికి ఇష్టం లేకపోయింది. ఆ డబ్బును పడవకు పెట్టాలని తీర్మానించాం.

జూలై నుంచి పొద్దున మొదటి పడవ బడి పిల్లలకే. రేవును వేలంలో పాడుకున్నాయనతో మూడుసార్లు మాట్లాడాక ఒప్పుకున్నారు. బడి వదిలాక తిరుగు పడవ కూడా అలాగే. పొదుపు సంఘం మహిళలు ఇద్దరిద్దరు వంతులు వేసుకుని పిల్లల వెంట వెళ్లి దింపి వచ్చారు. అవతల గట్టు మీద పోకిరీల బెడద ఉందని తల్లులు భయపడేవారు, పెద్దవాళ్లు వెంట ఉండేసరికి ఆ మాట వినపడటం మానేసింది. పిల్లలకు లైఫ్ జాకెట్లు కొన్నాం. మొదట్లో వేసుకోవడానికి సిగ్గుపడ్డారు, ఇప్పుడు ఎవరిది వారు అడిగి తీసుకుంటున్నారు.

వరద రోజులు కష్టపెట్టాయి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక వస్తే ఇక్కడ పడవలు కట్టేయాలి. ఆ రోజుల్లో పెద్ద తరగతుల పిల్లలను అవతలి ఒడ్డున బంధువుల ఇళ్లలో ఉంచాం. బంధువులు లేనివారిని మన సభ్యుల్లో మూడు కుటుంబాలు తమ ఇళ్లలో పెట్టుకున్నాయి. వారికి సంఘం తరఫున కృతజ్ఞతలు. దగ్గరలో బడి లేని చిన్న ఆవాసాల పిల్లలకు రవాణా ఏర్పాటు చేయాలని విద్యా హక్కు నియమాల్లో ఉంది. దాన్ని ఉటంకిస్తూ అర్జీ పెట్టాం, రెండోసారీ పెట్టాం. జవాబు రావలసి ఉంది.

ట్రంకుపెట్టెలో టీసీ ఉన్న అమ్మాయి సంగతి చెప్పాలి. తల్లితో రాత్రి పదిన్నరకు వీడియో కాల్‌లో మాట్లాడాం, ఆవిడ పని ముగిసేది అప్పుడే. బడి మానేసిన సంగతి ఆవిడకు ఎవరూ చెప్పలేదు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "నేను ఇక్కడ గిన్నెలు తోముతున్నది అది అక్కడ తోమకూడదనే కదండీ" అంది. తమ్ముణ్ని పక్కింటివాళ్లు తమ పిల్లతో పాటు బడికి తీసుకెళ్తామన్నారు. వాడికి మధ్యాహ్నం అన్నం బడిలోనే. లంకల గన్నవరంలో ఆకలన్న ప్రతివారికీ అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరే ఇప్పుడు ఆ భోజన పథకానికి పెట్టారు. ఆ ఒక్క పూట భోజనం ఒక అక్క చదువును ఎలా నిలబెడుతుందో నేను ఈ ఇంట్లో చూశాను. వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలని చట్టం చెబుతుంది కాబట్టి అమ్మాయిని ఏడులో చేర్చాం. లెక్కల్లో ముందుంది. ఇంగ్లీషులో వెనకబడింది, మన సభ్యురాలు ఆదివారాలు చెబుతున్నారు.

ఒక అమ్మాయి విషయంలో విఫలమయ్యాం, అది కూడా రాయాలి. పదో తరగతి తప్పింది. సప్లిమెంటరీ రాయిస్తామని వెళ్లి చెప్పి వచ్చాం, మళ్లీ వెళ్లడంలో ఆలస్యం చేశాం. మాఘమాసంలో పెళ్లయిపోయింది, పద్దెనిమిది నిండలేదు. మాకు తెలిసేసరికి అత్తవారింట ఉంది. పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేసే సమయం కూడా దాటిపోయింది. తప్పు కార్యవర్గానిది, అందులో మొదట నాది. ఇప్పుడు ఆ అమ్మాయితో, భర్తతో మాట్లాడుతున్నాం. ఓపెన్ స్కూల్లో పది కట్టడానికి ఇద్దరూ ఒప్పుకున్నారు.

తక్కిన పనులు

గట్టు మీద గండి పడిన రెండు చోట్ల ఇసుక బస్తాలు వేయించాం. మంచినీటి ట్యాంకు కడిగించాం. వీధి దీపాలు సగం వెలుగుతున్నాయి, మిగతా సగానికి పంచాయతీకి రాశాం. జమాఖర్చుల పట్టికను సంఘం గది బయట అతికించాం, సభ్యులు చూసి సందేహాలుంటే కోశాధికారిని అడగవచ్చు.

వచ్చే ఏడాదికి కార్యవర్గం కోరేది ఒకటే. అయిదు పూర్తి చేసే ప్రతి పిల్ల టీసీ తీసుకున్న రోజునే మన పుస్తకంలో పేరు రాయించాలి. హైస్కూల్లో ఆ టీసీ అందించిన రోజున ఆ పేరు ఎదురుగా గుర్తు పెడతాం. పది తప్పిన పిల్లల పేర్లకు వేరే పేజీ పెట్టాం. జూన్ 12న బడులు తెరుస్తారు. ఆ పొద్దున ఎనిమిదికి ముందే రేవు దగ్గర ఉండటానికి ఇద్దరు మహిళా సభ్యులు కావాలి, పేర్లు ఇవ్వండి.

కార్యదర్శి