పాయింట్లు మార్చిన బండ్లు మళ్లీ ఎందుకొచ్చాయంటే

గత నెలలో మేం పాయింట్లు, కండెన్సర్ మార్చి ఇచ్చిన పాత బైకుల్లో మూడు తిరిగొచ్చాయి. పాయింట్లంటే తెరుచుకున్నప్పుడల్లా ప్లగ్గులో స్పార్క్ పుట్టించే స్విచ్చు, కండెన్సర్ అంటే ఆ స్విచ్చు మొహాలు కాలిపోకుండా కాపాడే చిన్న సామాను. మూడింటిదీ ఒకటే కంప్లయింట్. పది రోజులు బాగానే తిరిగాయట, ఆ తర్వాత కిక్కు మీద కిక్కు కొడితే గానీ స్టార్ట్ కావట్లేదు, ఎక్కితే పికప్ లేదు. "కొత్త సామాను వేసినా ఇంతేనా?" అని ఒకాయన మొహం మీదే అడిగారు. అడగాల్సిందే.

నిజం చెప్పాలంటే ముందు నేనూ కండెన్సర్ మీదికే నెట్టేద్దామనుకున్నాను. నాసిరకంవి వస్తున్నాయి కదా, ఎవరైనా నమ్ముతారు. కానీ మీటర్ పెడితే మూడూ 0.2 మైక్రోఫారడ్ దగ్గరే చూపించాయి. పాయింట్ల మొహాలు కూడా కాలలేదు.

మొదటి బండి కవర్ తీస్తే ప్లేటు మీద గోధుమరంగు పొడి. తిరుగుతూ పాయింట్లని తెరిచే ముక్కే క్యామ్, దానికి రాసుకునే ఫైబర్ మడమ అరిగి రాలిన పొడి అది. నేను 0.35 మిల్లీమీటర్లు పెట్టిన గ్యాప్‌లో ఇప్పుడు 0.20 కొలత బ్లేడు కూడా దూరలేదు. గ్యాప్ తగ్గితే పాయింట్లు ఆలస్యంగా తెరుచుకుంటాయి, టైమింగ్ వెనక్కి పోతుంది, అంటే స్పార్క్ ఆలస్యంగా పడుతుంది. బండికి ఊపు ఎక్కడినుంచి వస్తుంది? క్యామ్ మీద గోరు పెట్టి తిప్పితే తుప్పు గుంటలు గరగరమని తగిలాయి. కొత్త మడమని ఆకురాయికి అప్పగించినట్టయింది. క్యామ్ నున్నగా చేయకపోవడం, దానికి ఆనుకుని ఉండే ఫెల్టుకి గ్రీజు పెట్టకపోవడం, రెండూ నా తొందరపాటే. రెండో బండిదీ ఇదే కథ.

మూడోదానిలో క్యామ్‌ని తిప్పే షాఫ్ట్‌ని పట్టి ఉంచే బుష్ అరిగిపోయింది. వేలితో కదిపితే షాఫ్ట్ అటూ ఇటూ ఊగుతోంది. ఆగి ఉన్న ఇంజిన్‌లో ఎంత కొలిచి గ్యాప్ పెట్టినా, తిరిగేటప్పుడు అది నిలవదు. ఇది బండి దిగిన రోజే నా కంటపడాల్సింది.

ఈ మూడు బండ్లకీ మళ్లీ లేబర్ తీసుకోవడం లేదు. ఇకమీదట క్యామ్, బుష్ చూశాకే కొత్త పాయింట్లు వేస్తాం. ఇంజిన్ బాగా వేడెక్కాక ఆపి, మళ్లీ కిక్కు కొట్టి చూసి గానీ ఇవ్వం, ఎందుకంటే స్పార్క్‌కి వోల్టేజీ పెంచే కాయిల్, కండెన్సర్ల రోగం చాలాసార్లు వేడిలోనే బయటపడుతుంది. దీనివల్ల ఒక్కో బండికి ఇంకో రెండు రోజులు పడుతుంది. లైన్లో ఉన్నవాళ్లకి టెన్షనే, తెలుసు.

పాయింట్లు పీకేసి ఎలక్ట్రానిక్ కిట్ వేసేయమని కొందరు అడుగుతున్నారు. వేస్తాం. కానీ షాఫ్ట్ ఊగుతుంటే ఆ కిట్ కూడా టైమింగ్ నిలబెట్టలేదు, ముందు బుష్ పని తప్పదు.

గత నెలలో మా దగ్గర పాయింట్లు వేయించుకున్నవాళ్లు బండి బాగానే ఉన్నా ఒకసారి తీసుకురండి. గ్యాప్ ఉచితంగా చూస్తాం. ఇంజిన్ చల్లారాకే కొలవాలి కాబట్టి పొద్దున వదిలేసి, సాయంత్రం వచ్చి తీసుకెళ్లండి.