ఆఫీస్ ఆగిపోయిన మా ఖాతాదారులకు, జరిగింది జరిగినట్టుగా

మా షాపులో మైక్రోసాఫ్ట్ ఆఫీస్ 2019 వేయించుకున్నవారిలో కొందరికి ఈమధ్య వర్డ్ తెరవగానే పై పట్టీ ఎర్రగా మారి, దాని మీద ‘ప్రొడక్ట్ యాక్టివేషన్ ఫెయిల్డ్’ అన్న మాటలు కనిపిస్తున్నాయి. చాలామంది ఫోన్ చేశారు, కొందరు షాపుకు వచ్చి అడిగారు, ఒకరిద్దరు నాతో ఏమీ అనకుండా వేరేచోట చూపించుకున్నారు. అక్కడ వారికి చెప్పింది ఏమిటంటే, నేను డబ్బు తీసుకుని దొంగ సాఫ్ట్‌వేర్ అంటగట్టానని. తెనాలిలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ రిటైరైన మాస్టార్ల ఇళ్లలో, దస్తావేజు లేఖరుల గదుల్లో, ఇంటి దగ్గరే లెక్కలు రాసుకునే అకౌంటెంట్ల బల్లల మీద ఉన్న పాత కంప్యూటర్లను బాగుచేయడమే బతుకుతెరువుగా పెట్టుకున్నవాడికి అంతకంటే కష్టమైన మాట ఉండదు. కాబట్టి అసలు సంగతి ఆ నోటా ఈ నోటా కాకుండా నా ద్వారానే మీకు తెలియాలని ఇది రాస్తున్నాను.

మొదటి ఫోన్ ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టరు గారి ఇంటి నుంచి వచ్చింది. ఇంటర్నెట్ సరిగా లేక అలా చూపిస్తోందేమో అనుకుంటూ వెళ్లాను. నెట్ బాగానే ఉంది. అప్పుడు ఆదేశాలు టైపు చేసే నల్ల తెర తెరిచి, ఆఫీస్ ఫోల్డరులోనే ఉండే ఓఎస్‌పీపీ అనే చిన్న స్క్రిప్టును ‘డీస్టేటస్’ అన్న ఆదేశంతో నడిపాను. ఆఫీస్‌కు ఏ రకం లైసెన్సు ఉందో, దానికి ఇంకా ఎన్ని రోజుల గడువు మిగిలిందో ఆ స్క్రిప్టు వరుసగా చూపిస్తుంది. విడిగా కొన్న ప్రతికి అక్కడ ‘రిటైల్ చానెల్’ అని ఉండాలి. మాస్టారి కంప్యూటరులో ‘వాల్యూమ్ కేఎంఎస్ క్లయింట్ చానెల్’ అని ఉంది. దాని కింద నేను ఏనాడూ చూడని, నేను ఏనాడూ టైపు చేయని ఒక సర్వరు చిరునామా, చివర 1688 అన్న పోర్టు నంబరు ఉన్నాయి. ఆ వరుస చూడగానే నాకు విషయం అర్థమైంది. మాస్టారు కాఫీ తెప్పించారు గానీ నాకు గొంతు దిగలేదు.

వాల్యూమ్ లైసెన్సు అనేది కంపెనీలు, కళాశాలలు, ప్రభుత్వ కార్యాలయాలు తమ సొంత కంప్యూటర్ల కోసం టోకుగా తీసుకునేది. అందులో కేఎంఎస్ పద్ధతి కింద ప్రతి కంప్యూటరూ ఆ సంస్థ నడిపే సర్వరును పలకరించి అనుమతి తెచ్చుకోవాలి. ఆ అనుమతి 180 రోజులే చెల్లుతుంది. కంప్యూటరు వారానికి ఒకసారి సర్వరును వెతికి, దొరికితే మళ్లీ 180 రోజులకు పొడిగించుకుంటుంది. సర్వరు మూతపడితే మాత్రం చివరిసారి అనుమతి దొరికిన రోజు నుంచి లెక్క మొదలై, గడువు తీరగానే ఎర్ర పట్టీ వస్తుంది. పక్కింటివారిది నడుస్తూ మీది మాత్రం ఆగిపోయిందంటే కారణం ఇదే. మీ కంప్యూటరు ఆ సర్వరుతో చివరగా మాట్లాడిన రోజు వేరు, వారిది మాట్లాడిన రోజు వేరు. మీరు చేసినదానివల్ల గానీ చేయనిదానివల్ల గానీ ఇది జరగలేదు. మీ ఫైళ్లు ఎక్కడివక్కడే భద్రంగా ఉన్నాయి.

ఇక ఆ సరుకు నాకు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి. హైదరాబాద్‌లోని ఒక టోకు వ్యాపారి దగ్గర చాలాకాలంగా కీబోర్డులు, ర్యాములు, ఎస్‌ఎస్‌డీలతో పాటు ఆఫీస్ కీలు, అంటే ఆఫీస్‌ను యాక్టివేట్ చేసే కోడ్‌లు కూడా కొంటూ వచ్చాను. మొదట్లో ఆయన పంపినవి కంపెనీ పెట్టెలో, గీకితే కీ కనిపించే కార్డుతో వచ్చేవి. వాటిలో ఏ ఒక్కటీ ఇంతవరకు ఆగలేదు, అవి కొన్నవారు నిశ్చింతగా ఉండవచ్చు. తరువాత, పెట్టెలు రావడం తగ్గిందని చెప్పి, పెన్ డ్రైవులో సెటప్పూ ముద్రించిన కాగితం మీద కీలూ పంపడం మొదలుపెట్టారు. ధర కొంచెం తగ్గించారే తప్ప, అనుమానం వచ్చేంత చౌకగా ఇవ్వలేదు. ప్రతి కీకీ 18 శాతం జీఎస్‌టీతో బిల్లు వేశారు, ఆ బిల్లులన్నీ నా దగ్గర ఫైలులో ఉన్నాయి. కీ కొట్టగానే యాక్టివేట్ అయినట్టు ఆఫీస్ తెర మీదే చూపించేది. సెటప్పు లోపల దాచిన ఒక ఆదేశం, మనకు కనిపించకుండా, ఆ వ్యాపారో ఆయనకు సరుకు ఇచ్చినవారో పెట్టిన సర్వరు చిరునామాను మీ కంప్యూటరులో రాసేసిందని మాస్టారి ఇంట్లో ఆ తెర చూసినప్పుడే నాకు తెలిసింది.

ఆయనకు ఫోన్ చేసినప్పుడు మొదట తెలియదన్నారు, తరువాత చూస్తామన్నారు, ఆ తరువాత ఫోన్ ఎత్తడం మానేశారు. నేనే హైదరాబాద్ వెళ్లి బిల్లులు ముందు పెట్టి అడిగితే, ‘మార్కెట్లో అందరూ ఇదే అమ్ముతున్నారు, మీ ఒక్కరికే ఎందుకింత పట్టింపు’ అన్నారు. డబ్బు వెనక్కి ఇవ్వనని చెప్పలేదు, ఇస్తానని కూడా చెప్పలేదు. దానికి బదులు ఒక మార్గం చూపించారు. నన్ను ఎక్కువగా నలిపింది ఆ మార్గమే.

ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే ఒక యాక్టివేటరును మీ కంప్యూటర్లలో ఒక్కసారి నడిపితే ఎర్ర పట్టీ ఐదు నిమిషాల్లో పోతుందని, ఖాతాదారులకు తెలియనే తెలియదని ఆయన చెప్పారు. ఆ మాట అబద్ధం కాదు. ఆ పనిముట్టు ఏమి చేస్తుందో నాకు తెలుసు. కంప్యూటరులోనే ఒక దొంగ సర్వరును నిలబెట్టి ఆఫీస్ చేత దానినే నమ్మిస్తుంది, 180 రోజులు నిండకముందే మళ్లీ నడిచేలా, విండోస్‌లో పనులను వేళకు నడిపించే టాస్క్ షెడ్యూలరులో తన పని తాను పెట్టుకుంటుంది. అలా చేసి ఉంటే నాకు ఒక్క రూపాయి ఖర్చయ్యేది కాదు, షాపు పేరుకు ఏ మచ్చా వచ్చేది కాదు. ఈ ఊళ్లో నా తోటి పనివారిలో కొందరు ఇప్పుడు చేస్తున్నది కూడా అదే. మా ఇంట్లోవాళ్లు కూడా, ‘చిన్న షాపు, ఇంత నష్టం ఎందుకు నెత్తిన వేసుకోవడం’ అన్నారు. రాత్రుళ్లు నిద్రపట్టక చాలాసేపు ఆలోచించాను. నిజం చెప్పాలంటే ఒక దశలో ఆ ఫైలు డౌన్‌లోడ్ చేసి, షాపులో పక్కన పడి ఉన్న ఒక పాత కంప్యూటరులో నడిపి కూడా చూశాను.

నడపడానికి ముందు అది అడిగింది, విండోస్‌లోనే ఉండి వైరస్‌లకు కాపలా కాసే డిఫెండరును ఆపమని. ఆపిన తరువాత ఒక ఫోల్డరును ఇకపై ఎప్పటికీ తనిఖీ చేయవద్దని డిఫెండరుకు చెప్పి, అందులో కూర్చుంది. అక్కడితో నా సందేహం తీరిపోయింది. మీరు అదే కంప్యూటరులో పెన్షన్ డబ్బు పడిందో లేదో చూసుకుంటారు, బ్యాంకు పాస్‌వర్డు కొడతారు, ఆదాయపు పన్ను శాఖ ఈమెయిల్ తెరుస్తారు, అమెరికాలో ఉన్న పిల్లలు పంపిన ఫోటోలు దాచుకుంటారు. కాపలావాడి కళ్లకు గంతలు కట్టి ఊరూపేరూ తెలియనివాడిని ఇంట్లో కూర్చోబెట్టినట్టు, ఎవరు రాశారో తెలియని ఆ ప్రోగ్రామును మీ కంప్యూటరులో పెట్టి, పైగా ఆ సంగతి మీకు చెప్పకుండా మీ దగ్గర సేవా రుసుము తీసుకోవడం నా చేత కాదు. మీలో కొందరు ‘ఎలాగోలా నడిచేలా చేయండి, మేము ఏమీ అనుకోము’ అని మంచి మనసుతోనే అడిగారు. వారితో సహా ఎవరికీ చేయను. ఇందులో మళ్లీ ఆలోచించేది లేదు.

ఆ వ్యాపారి దగ్గర ఇకమీదట మౌసు కూడా కొనను. ఆయన నాకు డబ్బు ఇచ్చినా ఇవ్వకపోయినా, పెన్ డ్రైవు సెటప్పుతో నేను ఆఫీస్ వేసిన ప్రతి ఒక్కరికీ కీ కోసం తీసుకున్న మొత్తం పూర్తిగా తిరిగి ఇస్తాను. బిల్లు మీద ఉన్నది నా షాపు పేరు, ఆయన పేరు కాదు. ఒకేసారి అందరికీ ఇచ్చేంత డబ్బు నా దగ్గర లేదు కాబట్టి, ఎర్ర పట్టీ వచ్చినవారికి ముందు, మిగతావారికి తరువాత ఇస్తాను. డబ్బు వద్దు, బదులుగా వేరే పని చేసిపెట్టండి అనేవారి మాట కూడా కాదనను.

ఆఫీస్ స్థానంలో చాలామందికి సరిపోయేది లిబ్రే ఆఫీస్. అది ఉచితం, 2010లో ఓపెన్ ఆఫీస్ నుంచి విడిపోయి ఒక లాభాపేక్ష లేని సంస్థ ఆధ్వర్యంలో నడుస్తున్నది. ఉత్తరాలు, దరఖాస్తులు, ఇంటి లెక్కలు రాసుకునేవారికి అందులో లోటు ఉండదు. మీరు సేవ్ చేసే ఫైళ్లు వర్డ్ రూపంలోనే ఉండేలా నేను సెట్ చేసి ఇస్తాను, లేకపోతే అవతలివారికి తెరుచుకోలేదన్న ఫిర్యాదు వస్తుంది. తెలుగుకు అందులో ఫాంటు విడిగా పెట్టాలి. ఇంగ్లీషుకు ఒక వరుస, మన లిపులకు ఇంకొక వరుస ఉంటాయి, రెండవది మార్చకపోతే అక్షరాల పరిమాణం కలవదు. అలాగే విండోస్ 7 కాలంలో గౌతమి ఫాంటులో టైపు చేసిన పాత ఉత్తరాలు విండోస్ 10లో వేరే ఆకారంతో తెరుచుకుని పేజీలు జరిగిపోతున్నాయని కొందరు అడిగారు. విండోస్ 10లో గౌతమి, వాణి ఫాంట్లు ముందుగా ఉండవు, సెట్టింగ్స్‌లోని ఆప్షనల్ ఫీచర్స్‌లో తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ అన్నదాన్ని చేర్చితే ఆ రెండూ వస్తాయి. అను ఫాంట్లలో టైపు చేసిన దస్తావేజుల నమూనాలు ఉన్నవారు మాత్రం నేను చూసేవరకు ఏమీ మార్చవద్దు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో ఆ పాఠమంతా అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలుగా కనిపిస్తుంది. మొదట నమూనా ఫైలు ఒకటి నా దగ్గర తెరిచి చూసిన తరువాతే మీ దగ్గర పని మొదలుపెడతాను.

ఎక్సెల్‌లో మాక్రోలు పెట్టుకున్న అకౌంటెంట్లకు లిబ్రే ఆఫీస్ సరిపోకపోవచ్చు. వారు ఆఫీస్ 2024ను నేరుగా మైక్రోసాఫ్ట్ సైటులోనే, తమ ఖాతాతో, తమ కార్డుతో కొనుక్కోవడం మంచిది. నేను మధ్యలో ఉండను, కమీషనూ తీసుకోను. కొనేటప్పుడు ఒకటి గమనించండి: ఆఫీస్ హోమ్ 2024లో మెయిల్ చూసుకునే అవుట్‌లుక్ ఉండదు, హోమ్ అండ్ బిజినెస్‌లో ఉంటుంది.

అవుట్‌లుక్ అన్నాను కాబట్టి ఈమెయిల్ సంగతి. దయచేసి ఎవరూ తొందరపడి ఆఫీస్‌ను తామే తీసివేయవద్దు. లిబ్రే ఆఫీస్‌లో మెయిల్ ప్రోగ్రాము లేదు, అందుకు థండర్‌బర్డ్ వేస్తాను. పాత మెయిళ్లను అవుట్‌లుక్ నుంచి థండర్‌బర్డ్‌లోకి తెచ్చుకోవాలంటే, ఆ సమయానికి అదే కంప్యూటరులో అవుట్‌లుక్ ఉండాలి. ముందు ఆఫీస్ తీసివేస్తే ఆ దారి మూసుకుపోతుంది. పాప్ పద్ధతిలో మెయిల్ దించుకునేవారి విషయంలో ఇది మరీ ముఖ్యం. అవుట్‌లుక్ 2010 తరువాతి వెర్షన్లలో, మీరు ప్రత్యేకంగా మార్చకపోతే, దించుకున్న మెయిలు సర్వరులో 14 రోజులే ఉంటుంది. అంటే మీ ఏళ్లనాటి ఉత్తరాలన్నీ డాక్యుమెంట్స్‌లోని అవుట్‌లుక్ ఫైల్స్ ఫోల్డరులో ఉన్న ఆ ఒక్క పీఎస్‌టీ ఫైలులోనే ఉన్నాయి, మరెక్కడా లేవు. నేను వచ్చినప్పుడు మొట్టమొదట ఆ ఫైలుకు నకలు బయటి డిస్కులోకి తీస్తాను, దాన్ని మీ చేతికే ఇస్తాను. కరెంటు పోయి కంప్యూటరు మధ్యలో ఆగి ఆ ఫైలు దెబ్బతిన్నట్టయితే, నకలు మీదనే స్కాన్‌పీఎస్‌టీ అనే మరమ్మతు పనిముట్టును నడిపి బాగుచేస్తాను, అసలు ఫైలును ముట్టుకోను. జీమెయిల్ వాడేవారికి థండర్‌బర్డ్‌లో ఇంకొక సుఖం ఉంది: గూగుల్ లాగిన్ కిటికీ తెరుచుకుని మామూలు పాస్‌వర్డుతోనే పని అయిపోతుంది, 16 అక్షరాల యాప్ పాస్‌వర్డు గుర్తుపెట్టుకోనక్కరలేదు.

ఈ గొడవలో కలిసిపోయి వచ్చిన ఫోన్లలో కొన్నింటికి ఆఫీస్ కీతో సంబంధమే లేదు. మెయిల్ రావడం లేదు, సర్టిఫికెట్ చెల్లదని చెబుతోంది అన్నవారు ముందుగా తెర కింద కుడిమూలన ఉన్న తేదీ చూడండి. అక్కడ చాలా ఏళ్లనాటి తేదీ కనిపిస్తే మదర్‌బోర్డు మీది సీఆర్ 2032 బ్యాటరీ అయిపోయిందని అర్థం. కంప్యూటరు గడియారం వెనక్కి వెళ్తే మెయిల్ సర్వరు సర్టిఫికెట్ ఇంకా అమలులోకే రాలేదని అది అనుకుంటుంది. నాణెమంత బ్యాటరీ మారిస్తే సరిపోతుంది, అది నేను ఊరికే మారుస్తాను.

ఇంకొక మాట దాచకుండా చెప్పాలి. విండోస్ 10కు, ఆఫీస్ 2019కి కూడా 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. మీ కంప్యూటర్లలో చాలావాటిలో ఇంటెల్ ఎనిమిదవ తరం కంటే పాత ప్రాసెసర్లు ఉన్నాయి కాబట్టి, వాటికి విండోస్ 11 అధికారికంగా పనికిరాదు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో సైన్ ఇన్ అయి సెట్టింగులను బ్యాకప్ చేసుకునేవారికి 2026 అక్టోబర్ 13 వరకు భద్రతా అప్‌డేట్లు డబ్బు కట్టకుండానే వస్తాయి. అది నేను వచ్చినప్పుడే నమోదు చేసి వెళ్తాను. ఆ తేదీ తరువాత ఆ కంప్యూటరును బ్యాంకు పనులకు వాడమని మాత్రం నేను ఎవరికీ చెప్పను. కొత్తది కొనమని మిమ్మల్ని తొందరపెట్టడం నా పద్ధతి కాదని మీకు తెలుసు.

ఎర్ర పట్టీ కనిపిస్తున్నవారు దాన్ని ఫోనులో ఫోటో తీసి వాట్సాప్‌లో పంపండి, కింద మీ పేరూ ఊరూ రాయండి. ఏ ప్రోగ్రాములో మెయిల్ చూస్తారో, అను ఫాంట్ల ఫైళ్లు ఉన్నాయో లేదో కూడా రాస్తే నేను తగిన సరంజామాతో వస్తాను. మెయిల్ నకలుకు చాలాసేపు పడుతుంది కాబట్టి ఉదయం పూట వచ్చేలా చూసుకుంటాను. బిల్లు పోగొట్టుకున్నా ఫరవాలేదు, కార్బన్ నకళ్లన్నీ నా బిల్లు పుస్తకాల్లో ఉన్నాయి.