పేరెంట్ మీటింగులో పిల్లల కోపతాపాలకు అరగంట ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

2024 డిసెంబరు 7న ఒకసారి, 2025 జూలై 10న మరోసారి రాష్ట్రమంతటా మెగా పేరెంట్ టీచర్ మీటింగులు జరిగాయి. తల్లిదండ్రులు పని మానుకుని బడికి వచ్చి పిల్లల చదువు గురించి అయ్యవార్లతో కూర్చుని మాట్లాడారు. మంచి పని. కానీ పిల్లాడు కిందపడి దొర్లి ఏడుస్తుంటే ఏం చేయాలి, ఏడో తరగతి అమ్మాయి తలుపేసుకుని అన్నం మానేస్తే ఏమని పిలవాలి అనే మాటలకు అక్కడ పెద్దగా చోటు దొరకలేదు. ఇళ్లల్లో రోజూ సతాయించేవి ఇవే. వచ్చే మీటింగులో వీటికి అరగంట కేటాయించమని మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల బడులను, అంగన్‌వాడీలను కోరుతున్నాం. ఆ అరగంటలో ఏం చెప్పాలో కూడా రాస్తున్నాం.

ఏడాదిన్నర నుంచి మూడు, మూడున్నరేళ్ల దాకా మంకుపట్టు సహజం. భయాన్ని, కోపాన్ని రేపే మెదడు భాగం పసితనం నుంచే చురుగ్గా ఉంటుంది. దాన్ని అదుపు చేసే భాగం నుదుటి వెనక ఉంటుంది, అది పూర్తిగా ఎదిగేసరికి ఇరవై అయిదేళ్లు వస్తాయి. అందుకే ఏడుపు పతాకస్థాయిలో ఉన్నప్పుడు చెప్పిన బుద్ధులు ఒక్కటీ తలకెక్కవు. తల్లిదండ్రుల ఓపిక సగం ఇక్కడే వృథా అవుతోంది. చెప్పాల్సింది మంచిదే, చెప్పే వేళ తప్పు.

ముందుగా ఆకలి, నిద్ర, ఒంట్లో నలత చూడాలి. మధ్యాహ్నం బడిలో తిన్న పిల్లాడు సాయంత్రం అయిదు దాటినా ఏమీ తినకపోతే, ఆరింటికి పెన్సిలు ములుకు విరిగినా ఏడుస్తాడు. ఇంటికి రాగానే అరటిపండో ఉడికించిన శనగలో పెట్టండి. నాలుగేళ్ల లోపు వాళ్లకు మాత్రం శనగలు, వేరుశనగ గింజలు గొంతులో అడ్డం పడే ప్రమాదం ఉంది, మెత్తగా నలిపి పెట్టాలి. మూడు, నాలుగేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. బడికెళ్లే వయసులో, అంటే 6 నుంచి 12 ఏళ్ల వాళ్లకు, 9 గంటలకు తగ్గకూడదు. రాత్రి పదకొండు దాకా టీవీ ముందు కూర్చుని ఆరింటికి లేచే పిల్లలకు ఎన్ని నీతులు చెప్పినా చిరాకు తగ్గదు.

ఇక అసలు ఘట్టం. పొగాకు బ్యారన్ (ఆకును వేడితో పదును చేసే కొట్టం) కాలుతున్న రోజుల్లో కొండపి, పొదిలి వైపు ఇళ్లను తలచుకోండి. ఆకు పదునుకు రావడానికి అయిదారు రోజులు రాత్రీ పగలూ మంట కనిపెట్టుకుని ఉండాలి. తీరాన రొయ్యల గుంటల దగ్గరా ఇంతే, రాత్రంతా కాపలా. నిద్రలేని తల్లి అన్నం వండుకోవడానికని నాలుగేళ్ల పిల్లాడి చేతికి ఫోనిస్తుంది. గంట తర్వాత లాక్కుంటుంది. వాడు కింద పడి దొర్లుతాడు, పక్కనున్న అవ్వను తంతాడు. తల్లి ఒక దెబ్బ వేస్తుంది, ఏడుపు రెట్టింపవుతుంది, పాపమని అవ్వ ఫోను మళ్లీ చేతిలో పెడుతుంది. మరునాడు వాడు ఇంకా ఎక్కువసేపు ఏడుస్తాడు. గట్టిగా ఏడిస్తే ఫోను వస్తుందని వాడికి తెలిసిపోయింది మరి.

ఇదే సంగతి ఇంకోలా జరగాలంటే ఫోను ఇచ్చేటప్పుడే మొదలుపెట్టాలి. “అయిదు నిమిషాలు” అంటే ఆ వయసు పిల్లలకు అర్థం కాదు. “రెండు పాటలు, తర్వాత అమ్మకిచ్చేయాలి” అనండి. రెండో పాట అయ్యేముందు పక్కన కూర్చుని “ఇదే ఆఖరుది” అని గుర్తుచేయండి. అయినా ఏడిస్తే నిలబడి అరవకుండా వాడి కళ్ల ఎత్తుకు దిగి కూర్చోవాలి. పొయ్యి, రాళ్లు, గాజు వస్తువులు దూరంగా జరపాలి. తంతుంటే కాలు సుతారంగా పట్టి “తన్ననివ్వను” అని ఒక్క మాటే అనాలి. దగ్గరికి తీసుకుంటే వాడు తోసేస్తే చెయ్యి చాచేంత దూరంలో ఉండిపోండి. “ఎందుకేడుస్తుండావు?” అని పదేపదే అడగొద్దు, జవాబు వాడికీ తెలియదు. “ఏడవబాక, మగపిల్లోడివి” అనడం, ఆడపిల్లతో “నీకింత కోపమేంది?” అనడం రెండూ పనికిరావు. అలా పెరిగినవాళ్లు బాధను దాచడం నేర్చుకుంటారు, బాధ మాత్రం పోదు. మనం ఆజ్యం పోయకుండా ఉంటే చాలామంది పిల్లలు పది పదిహేను నిమిషాల్లో వాళ్లంతట వాళ్లే తగ్గుతారు.

మాట్లాడాల్సింది ఆ తర్వాత. ఊపిరి మామూలుగా ఆడుతూ, ఇచ్చిన నీళ్లు తాగుతున్నాడంటే వేళ వచ్చినట్టే. “ఫోను తీసుకున్నానని ఉక్రోషం వచ్చింది కదా. కోపం రావచ్చు. అవ్వను తన్నకూడదు. ఈసారి కోపమొస్తే నా దగ్గరకొచ్చి చెప్పు.” ఇంతే, అర నిమిషం. భయం, బెంగ, సిగ్గు, కుళ్లు, అలక దేనికైనా ఇదే వరస: ఏం జరిగింది, ఏమనిపించింది, ఏది చేయకూడదు, ఏం చేయవచ్చు. “నాకు కోపం రాలేదు” అని వాడంటే వాదించకండి, “సరే, మరేమనిపించింది?” అని వదిలేయండి. కోపమొస్తే దిండును గుద్దమని కొందరు సలహా ఇస్తారు. దానివల్ల కోపం తగ్గదు, కొట్టే అలవాటు పెరుగుతుంది.

అయిదేళ్లు దాటిన పిల్లలకు ఊపిరి సాధన పనికొస్తుంది. మూడు లెక్కపెట్టే దాకా ముక్కుతో మెల్లగా పీల్చి, వేడి పాయసం ఊదినట్టు ఆరు లెక్కపెట్టే దాకా నోటితో వదలాలి. అయిదుసార్లు చాలు. గబగబా, గట్టిగా పీలిస్తే తల తిరుగుతుంది. రెండు వారాల పాటు రాత్రి పడుకునే ముందు, ప్రశాంతంగా ఉన్నప్పుడు అలవాటు చేయాలి. మొదటిసారే ఏడుపు మధ్యలో చేయమంటే ఏ పిల్లా చేయదు, పైగా మళ్లీ ఆ మాటెత్తితేనే మండిపడుతుంది.

ఫోనుకో చాక్లెట్టుకో ఇక లొంగమని నిర్ణయించుకున్న ఇంట్లో మొదటి వారం ఏడుపు తగ్గకపోగా పెరుగుతుంది. అందరూ ఓడిపోయేది అక్కడే. మూడుసార్లు కాదని నాలుగోసారి ఇస్తే, ఎప్పుడూ ఇచ్చే ఇంటికంటే మంకు ఎక్కువవుతుంది. కాబట్టి అమ్మ, నాన్న, అవ్వ, తాత ముందే కూర్చుని ఒక మాట అనుకోవాలి. బూచాడొస్తాడు, పోలీసుకు పట్టిస్తా, డాక్టరుతో సూది వేయిస్తా అని బెదిరించడం ఆ క్షణానికి నోరు మూయిస్తుంది, కానీ ఆపదలో పోలీసు దగ్గరికి, జబ్బులో డాక్టరు దగ్గరికి వెళ్లాల్సింది ఆ బిడ్డే కదా. ఇక బడి సంగతికొస్తే, పిల్లలను కొట్టడాన్ని, మాటలతో హింసించడాన్ని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. మీటింగులో ఈ మాట ఉపాధ్యాయుల నోటినుంచే రావాలి.

కొందరు పసివాళ్లు ఏడుస్తూ ఏడుస్తూ ఊపిరి బిగబట్టి నీలంగా మారి సోలిపోతారు. ఆరు నెలల నుంచి ఆరేళ్ల లోపు ఇది కనిపిస్తుంది, సాధారణంగా నిమిషంలోపే తేరుకుంటారు. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. కుదపొద్దు, నోట్లో నీళ్లు పోయొద్దు, ఏమీ పెట్టొద్దు. నిమిషం దాటినా తేరుకోకపోతే 108కి ఫోన్ చేయాలి. మొదటిసారి వచ్చినప్పుడు తప్పనిసరిగా పిల్లల డాక్టరుకు చూపించి రక్తపరీక్ష చేయించాలి, ఐరన్ తక్కువగా ఉన్న పిల్లల్లో ఇది ఎక్కువ.

కనిగిరి, ఉదయగిరి ప్రాంతాల నుంచి హైదరాబాదు, బెంగళూరు పనులకు పోయిన అమ్మానాన్నల పిల్లలు అవ్వాతాతల దగ్గర పెరుగుతున్నారు. వీళ్ల గురించి మాకు ఎక్కువ బెంగ. వీళ్లలో దిగులు చాలాసార్లు ఏడుపుగా రాదు. కడుపునొప్పిగా వస్తుంది, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవుతుంది. కడుపునొప్పిని ముందు డాక్టరుకు చూపించాలి, నాటకమని కొట్టిపారేయొద్దు. అమ్మానాన్నలు ఫోను ఎప్పుడు వీలైతే అప్పుడు కాకుండా రోజూ ఒకే వేళకు, పది నిమిషాలైనా చాలు, చేయాలి. బయలుదేరేటప్పుడు పిల్లలు నిద్రపోతుండగా చెప్పకుండా వెళ్లిపోవడం అన్నిటికంటే చెడ్డది. ఏడ్చినా సరే చెప్పి వెళ్లాలి, ఏ పండక్కి వస్తారో చెప్పాలి, ఆ మాట నిలబెట్టుకోవాలి.

హాస్టళ్లలో ఇంటర్ చదివే పిల్లలకు ఆదివారం ఫోన్ చేస్తే మొదటి ప్రశ్న మార్కులు కాకూడదు. పది నిమిషాలు వాళ్లను మాట్లాడనివ్వండి, సలహా అడిగితేనే ఇవ్వండి. తిండి, నిద్ర, స్నేహాలు రెండు వారాలకు మించి తారుమారైనా, బతకాలని లేదన్న మాట ఒక్కసారి వినిపించినా, “చచ్చిపోవాలని అనిపిస్తోందా నాన్నా?” అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉన్నది బయటికొస్తుంది. ఔనంటే ఒంటరిగా వదలకుండా అదే రోజు వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. మానసిక ఆరోగ్య సాయానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ 14416కు ఏ గంటలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. హింస, వేధింపులుంటే పిల్లల సహాయ నంబరు 1098.

అరగంటలో ఉపన్యాసం వద్దు. ఇద్దరు టీచర్లలో ఒకరు పిల్లాడిగా, ఒకరు తల్లిగా ఆ ఫోను గొడవను రెండు తీర్లుగా చేసి చూపిస్తే చాలు. తర్వాత వచ్చినవాళ్లను ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టి ఏడుపు తగ్గాక పిల్లాడితో అనాల్సిన ఆ నాలుగు వాక్యాలు పైకి అనిపించండి. 14416, 1098 నంబర్లు ప్రోగ్రెస్ కార్డు వెనక రాసి పంపండి. చదువురాని అవ్వాతాతలను వెనక బెంచీల్లో కాకుండా ముందు కూర్చోబెట్టండి.

ఇట్లు,
బాలల మానసిక ఆరోగ్య కౌన్సెలర్లు,
ఒంగోలు, కావలి