చేసిందెవరో చెప్పమంటే ఆఫర్లు చెబుతారేమిటి?

కస్టమర్ సర్వీస్ అధిపతి గారికి,

విషయం: మీ స్కిన్ క్లినిక్ రాజమండ్రి శాఖలో ఆరు సిట్టింగుల పీల్ (యాసిడ్ పూసి చర్మం పై పొర ఊడదీయడం) ప్యాకేజీ, 23 రోజులుగా జవాబు లేని ఒక్క ప్రశ్న.

అయ్యా/అమ్మా,

నా మొహానికి పీల్ పూసిన మనిషి పేరేమిటి? మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరెంత? ఇది చెప్పడానికి మీకు 23 రోజులు చాలలేదు. 18,000 రూపాయలు కట్టించుకోవడానికి మాత్రం 11 నిమిషాలు సరిపోయాయి, అందులో ఓటీపీ కోసం ఆగిందే రెండు.

మొదటి సిట్టింగ్ తర్వాత మంగు తగ్గకపోగా చెంపల మీద నలుపు పెరిగింది. అసలు కోపం దాని మీద కాదు. చామనఛాయ చర్మానికి పీల్ వేస్తే అలా అయ్యే వీలుందని తెలిసే వచ్చాను. ఎందుకైందో తేల్చుకోవడానికి కాగితం కావాలి, అంతే.

ముందు శాఖకు ఫోన్ చేశాను. రిసెప్షన్ అమ్మాయి "డాక్టర్ గారే చేశారండి" అంది. ఏ డాక్టరమ్మా? "మా సీనియర్ కాస్మటాలజిస్ట్ అండి." అది కౌన్సిల్‌లో నమోదయ్యే డిగ్రీ కాదు, చర్మవైద్యంలో ఎండీ డీవీఎల్లా, డిప్లొమా డీడీవీఎల్లా, ఉత్త ఎంబీబీఎస్సా, పళ్ల డాక్టరా అని అడిగాను. లైన్లో ఉండమని చెప్పి పెట్టేసింది. మర్నాడు మీ టోల్‌ఫ్రీ. ఒకటి నొక్కితే కొత్త అపాయింట్‌మెంటు, రెండు నొక్కితే ఆఫర్లు, ఫిర్యాదుకు తొమ్మిది. తొమ్మిది నొక్కిన ప్రతిసారీ కథ మళ్లీ మొదటికే. విసిగి ఒకటి నొక్కితే రెండో రింగుకే ఎత్తారు! ఆయన పది నిమిషాలు ఓపిగ్గా విని, "మీ బాధ పూర్తిగా అర్థమైంది మేడమ్, మీది జుట్టు రాలే సమస్యే కదండీ?" అన్నారు.

ఈమెయిల్ పెడితే టికెట్ నంబరొచ్చింది. 48 గంటల్లో స్పందిస్తామన్నారు. మాట తప్పలేదు లెండి, సరిగ్గా 47వ గంటకి "మీ సమస్య పరిష్కరించబడింది" అని టికెట్ మూసేశారు. మళ్లీ తెరిపిస్తే శాఖను అడగమన్నారు. శాఖలో హెడ్డాఫీసు వాళ్లే చెప్పాలన్నారు. ఈలోగా వాట్సాప్‌లో మాత్రం రోజూ పలకరింపే, చంకల లేజర్ రెండు తీసుకుంటే ఒకటి ఉచితమట. ఆ లేజర్ 810 నానోమీటర్ల డయోడ్ రకమా, ముదురు రంగు చర్మానికి కాస్త నయమైన 1064 నానోమీటర్ల ఎన్‌డీ-యాగ్ రకమా అని అడిగాను. బదులుగా నవ్వుతున్న బొమ్మ వచ్చింది.

ఇంతకీ నేనడిగిన రికార్డులో ఏముండాలో మీవాళ్లెవరికీ తెలిసినట్టు లేదు కాబట్టి రాస్తున్నాను. పూసింది గ్లైకాలిక్ యాసిడ్ అన్నారు. గాఢత ఎంత? 35 శాతం అన్న ఒక్క ముక్క చాలదు, పీహెచ్ (పులుపు ఎంతో చెప్పే కొలత) కూడా కావాలి. పీహెచ్ తగ్గేకొద్దీ అదే 35 శాతం ఇంకా లోతుకు కొరుకుతుంది. పూశాక ఎన్ని నిమిషాలు ఉంచారు, సోడా బైకార్బ్ ద్రావణంతో ఎప్పుడు ఆపారు? ఎక్కడైనా తెల్లగా పొర కట్టిందా? మంగు ఉన్న మొహానికి రెండు నుంచి నాలుగు వారాల ముందు నుంచే రాత్రి పూత, పగలు సన్‌స్క్రీన్ వాడించి సిద్ధం చేస్తారు. నాకు బిల్లు కట్టిన రోజే బ్రష్ పెట్టారు. రెటినాయిడ్ (విటమిన్ ఎ రకం) క్రీమ్ వాడుతున్నారా, ఎన్నాళ్ల క్రితం ఆపారు అన్న ప్రశ్న కూడా రాలేదు. అది వాడుతున్న చర్మంలో యాసిడ్ మచ్చలు మచ్చలుగా, కొన్నిచోట్ల ఎక్కువ లోతుకు దిగుతుంది. దాంతో వచ్చే వాపు తగ్గాక మిగిలేది నలుపే. గోదావరి ఎండల్లో సన్‌స్క్రీన్ లేకపోతే చెప్పనే అక్కర్లేదు.

మూడేళ్లుగా మీ కస్టమర్ని. మా వీధిలో ముగ్గుర్ని నేనే పంపాను, అందులో ఒక పెళ్లికూతురు కూడా. డబ్బు ముందే కట్టించుకుని, ఒక సిట్టింగ్ చేసి, ఇప్పుడిలా తిరుపతి క్షవరంలా వదిలేస్తే ఎక్కడికీ పోలేమనా మీ ధీమా? కాకినాడ పెద్దాసుపత్రిలో చర్మం ఓపీ ఉంది. అక్కడ ఏసీ ఉండదేమో గాని ఎదుట కూర్చున్నది డాక్టరేనా అన్న అనుమానం ఉండదు.

2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమాల ప్రకారం అడిగిన 72 గంటల్లో రికార్డులివ్వాలి. డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు క్లినిక్‌లో కనబడాలి, చీటీ మీదా రసీదు మీదా ఉండాలి. మీ గోడ మీద ఉన్నది హీరోయిన్ ఫొటో, రసీదు మీద ఉన్నది జీఎస్టీ నంబరు. ఆ డాక్టరు నంబరు ఇస్తే ఇండియన్ మెడికల్ రిజిస్టర్లో నేనే వెతుక్కుంటాను, మీకా శ్రమ కూడా వద్దు. మిగిలిన ఐదు సిట్టింగుల 15,000 వెనక్కి ఇవ్వండి. ఇస్తే సంతోషం, ఇవ్వకపోయినా ఆ పేరు మాత్రం కావాలి.

ఈ ఉత్తరం అందిన ఏడు రోజుల్లో మనిషి రాసిన జవాబు రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, జిల్లా వైద్యాధికారి డీఎంహెచ్‌ఓకి, రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కి ఫిర్యాదు పంపుతాను. జిల్లా వినియోగదారుల కమిషన్లో 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు. మీ హెడ్డాఫీసు ఏ ఊళ్లో ఉన్నా కేసు నేనుండే జిల్లాలోనే వేయొచ్చు. మీ లాయరు గారు వాయిదా వాయిదాకీ రాజమండ్రి రావాల్సి రావచ్చు.

ఇది స్పీడ్ పోస్టులో, రిజిస్ట్రేషన్ చేయించి, అందినట్టు రుజువు కూడా కోరి పంపుతున్నాను. సంతకం పెట్టి తీసుకున్నవాళ్ల పేరైనా తెలుస్తుంది.

ఇట్లు,
మీ మూసేసిన టికెట్ తాలూకు కస్టమర్