యువజన సంఘం వార్షిక నివేదిక, 2025–26

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

రక్తదాన శిబిరం, గ్రంథాలయం గదికి సున్నం, సంక్రాంతి ముగ్గుల పోటీలు ఎప్పటిలాగే జరిగాయి. ఫొటోలు ఆఫీసులో ఉన్నాయి, చూడవచ్చు. ఈ నివేదికలో ఎక్కువ చోటు మే నెల కబడ్డీ టోర్నమెంటుకే ఇస్తున్నాను. పల్నాడు ఎండల్లో మూడు రోజులు పోటీలు నడిపి, ఒక్క కుర్రాణ్ణి కూడా 108 ఎక్కించకుండా ముగించాం. కప్పు ఎవరికి వచ్చిందన్నదానికన్నా నాకు ఇదే గొప్ప.

ఎండల విషయంలో మన రెంటచింతల పేరు ఏటా పేపర్లో ఎందుకొస్తుందో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. అందుకే ఆటలు ఉదయం ఆరు నుంచి తొమ్మిదిన్నర వరకు, మళ్లీ సాయంత్రం అయిదు దాటాక ఫ్లడ్‌లైట్ల కింద పెట్టాం. లైట్ల ఖర్చు ఎందుకని అడిగినవాళ్లు మధ్యాహ్నం ఒంటిగంటకు ఆ కోర్టు మట్టి మీద చెప్పుల్లేకుండా నిలబడి చూడాలి.

అసలు సమస్య ఎండ ఒక్కటే కాదు, తూకం. 65 కిలోల విభాగంలో ఆడే కుర్రాళ్లు బరువు తగ్గడానికి ముందురోజు నుంచే నీళ్లు మానేస్తారు. నోరు పుక్కిలించి ఉమ్మేసేవాళ్లను కళ్లారా చూశాను. ఒంటి బరువులో రెండు శాతం నీరు పోతే చాలు, ఆట మందగిస్తుంది. 65 కిలోల వాడికి అది కిలో మూడొందల గ్రాములు. ఆ ఒంటితో కూతకెళితే కాళ్లు ఎక్కడ సాగుతాయి? అందుకని ఈసారి తూకం ముందురోజు సాయంత్రమే పెట్టి, రాత్రి భోజనం, మజ్జిగ అక్కడే పెట్టించాం. హాఫ్‌కు రెండు టైమవుట్లు ఉన్నా అవి ముప్పై సెకన్లే, కోచ్ మాటలకే సరిపోతాయి. అందుకే ప్రతి హాఫ్ మధ్యలో ఒక నిమిషం నీళ్ల విరామం కావాలన్నాం. రిఫరీలు మొదట ఒప్పుకోలేదు. రెండు జట్ల కెప్టెన్లూ అడిగాక ఒప్పుకున్నారు, వారికి కృతజ్ఞతలు.

రెండోరోజు సెమీఫైనల్లో ఒక కుర్రాడు కూతకెళ్లి వస్తూ పిక్క పట్టేసి గీత దగ్గరే కూలబడ్డాడు. మన రిటైరైన ఏఎన్‌ఎం అమ్మ వచ్చి మొదట అడిగిన మాట, “ఒంటేలుకు ఎప్పుడెళ్లావు నాన్నా, ఏ రంగులో ఉంది?” పొద్దున్నే వెళ్లానని, ముదురు పసుపుగా ఉందని చెప్పాడు. చింతచెట్టు కిందికి తీసుకెళ్లి, మెడకు తడి తువ్వాలు చుట్టి, ఓఆర్‌ఎస్ గుక్కగుక్కగా తాగించింది. ప్యాకెట్ మొత్తం కొలిచిన లీటరు నీళ్లలోనే కలపాలని, గ్లాసులో సగం పొడి వేసుకుంటే పనికిరాదని చుట్టూ చేరినవాళ్లకు చూపించింది. కెప్టెన్ ఎంత బతిమాలినా ఆ మ్యాచ్‌లో మళ్లీ దింపనివ్వలేదు. ఆ అమ్మకు సంఘం రుణపడి ఉంది.

ఒక దాత తెచ్చిన, పైన ఓఆర్‌ఎస్ అని రాసి ఉన్న తియ్యని పానీయాల పెట్టెలను కూడా ఆమే వద్దంది. లీటరుకు ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు ఉండాలి, ఇందులో చక్కెరే ఎక్కువ అని వివరించింది. దాతకు కష్టం కలిగింది. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అలాంటి పానీయాలపై ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి చేసిన పోరాటం అది. ఆ దాత ఈ ఏడాది మజ్జిగకు పెరుగు ఇస్తానన్నారు, ధన్యవాదాలు.

కుండలిచ్చిన కుమ్మరి కుటుంబానికి, నిమ్మకాయలు పంపిన రైతులకు, ఐసు పంపిన చేపల వ్యాపారికి, తెల్లవారుజామునే కోర్టు తడిపిన పంచాయతీ సిబ్బందికి, మజ్జిగలో అల్లం, కరివేపాకు దంచి వేసిన డ్వాక్రా మహిళలకు పేరుపేరునా నమస్కారాలు. పేర్లన్నీ సభలో చదువుతాం.

ఒక మాట కటువుగానే చెప్పాలి. నీళ్ల దగ్గర ఉంటామని పేర్లు రాయించుకున్న యువకుల్లో సగం మంది రెండోరోజు నుంచి కనిపించలేదు. కనిపించినవాళ్లు గ్యాలరీలో ఫోన్లు పట్టుకుని ఉన్నారు. చిన్నపిల్లలు బిందెలు మోశారు. తాగునీటి ట్యాంకర్ పంపుతామని మాటిచ్చిన అధికారులు అర్జీ తీసుకున్నారు గానీ ట్యాంకర్ రాలేదు. చివరికి క్యాన్లు కొన్నాం. ఆ ఖర్చు లెక్కలో కనిపిస్తుంది.

జమాఖర్చుల పట్టిక నోటీసు బోర్డులో ఉంది. చందాలు, ఎంట్రీ ఫీజులు ఖర్చుకు సరిపోయాయి, కొద్దిగా మిగిలింది. బకాయి సభ్యత్వ రుసుములు ఈ నెలలోనే కట్టగలరు.

వచ్చే మే టోర్నమెంటుకు నీళ్ల బాధ్యత వంతులవారీగా వేస్తున్నాం. ఒక్కొక్క వంతు రెండు గంటలు. వంతు తీసుకున్నవాళ్లు రాలేకపోతే తమ బదులు మనిషిని పంపాలి. ముందురోజు తూకం, నీళ్ల విరామం టోర్నమెంటు నిబంధనల్లో చేర్చే తీర్మానం ఈ సభ ముందు పెడుతున్నాను, ఆమోదించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి