పాత రేవు పరిసరవాసుల సంఘం: సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి నివేదిక

గౌరవనీయులైన అధ్యక్షుల వారికి, కార్యవర్గ మిత్రులకు, సభ్యులందరికీ నమస్కారం.

కాకినాడ పాత రేవును, ఉప్పుటేరు గట్లను విహార తీరంగా మార్చాలన్న మాట ఊళ్లో వినిపించినప్పుడల్లా మన సంఘం అడుగుతున్నది ఒక్కటే: అక్కడ పని చేసుకుంటున్న వారి చోటు ఎక్కడ? ఈ ఏడాది చేసిన పనంతా ఆ ప్రశ్న చుట్టూనే సాగింది. జగన్నాథపురం, ఏటిమొగ, దుమ్ములపేటల్లో ఇంటింటికీ తిరిగి, రేవు మీద బతికే కళాసీలు, హమాలీలు, వలలు అల్లేవారు, బోటు మరమ్మతు చేసేవారి వివరాలు రాయడం మొదలుపెట్టాము. ఏటిమొగ పూర్తయింది. మిగిలిన రెండూ సగంలో ఆగాయి. కిందటి సమావేశంలో చేతులెత్తి పేర్లు రాయించుకున్న వారిలో ఎక్కువ మంది ఒక్క ఆదివారం కూడా రాలేదని చెప్పక తప్పదు.

ఈ ఏడాది మన సంఘం గర్వంగా చెప్పుకోదగినది పాత రేవులపై జరిపిన ప్రదర్శన. తీరం దగ్గర లోతు తక్కువ కనుక హోప్ ఐలాండ్ చాటున ఓడలు లంగరు వేసి నిలబడడం, బార్జీలు సరుకును వాటి దగ్గరకు మోయడం మన రేవు పద్ధతి అనీ, 1997లో డీప్ వాటర్ పోర్టు వచ్చాక ఓడలు నేరుగా బెర్తుకు, అంటే ఒడ్డున ఓడ ఆనే చోటుకు, చేరుతున్నా బియ్యం బస్తాలు నేటికీ బార్జీల మీద వెళుతున్నాయనీ ఒక గోడ మీద పటాలతో చూపించాము. ఎదురు గోడ మీద జర్మనీలోని హాంబర్గ్ నగరాన్ని ఉంచాము. అదీ మనలాగే నదీముఖ ప్రాంతపు రేవు. కంటైనర్ ఓడలకు లోతైన నీరు, విశాలమైన స్థలం కావలసి వచ్చి పని వేరే వైపు తరలిపోగా, ఖాళీ పడిన పాత రేవులో 157 హెక్టార్ల మేర కొత్త పేట కట్టే ఆలోచనను ఆ నగరం ప్రకటించినది కూడా 1997లోనే. వరద గట్టుకు వెలుపల ఉన్న నేల కావడంతో అక్కడి భవనాలను సముద్ర మట్టానికి 8 నుంచి 9 మీటర్ల ఎత్తు దిమ్మల మీద లేపారు. 1996 నవంబరు తుపానును చూసిన మనకు ఆ జాగ్రత్త విలువ విడమరచి చెప్పనక్కరలేదు.

ఆ పటం ముందు ఏటిమొగకు చెందిన ఒక వృద్ధ కళాసీ చాలాసేపు నిలబడ్డారు. తాళ్లు ఒరిసి గట్టిపడిన అరచేతిని ఆ బొమ్మ మీద ఆనించి, “ఇళ్లు పైకెత్తారు, బాగుంది. మరి పడవలు ఎక్కడ కడతారండీ?” అని అడిగారు. పోటుతో పాటే లేచి, ఆటుతో దిగే తేలే వేదికలకు అక్కడ పాత ఓడలను కట్టి ఉంచారని చూపించాక గానీ ఆయన కదలలేదు. ఆ తర్వాత, సీసపు గుండు కట్టిన తాడుతో నీటి లోతు ఎలా చూసేవారో పిల్లలకు ఆయనే చేసి చూపించారు.

లండన్ డాక్‌లాండ్స్ కథనూ దాచలేదు. 1981 నుంచి 1998 వరకు ఒక ప్రత్యేక సంస్థ అక్కడ రేవుల స్థానంలో కార్యాలయాలు, ఇళ్లు తెచ్చింది, కాని కొత్త ఇళ్లు తమకు అందుబాటులో లేవని పాత రేవు కార్మికుల కుటుంబాలు నిరసన తెలిపాయి. కేప్‌టౌన్‌లో 1988 నుంచి తీర్చిదిద్దిన తీరంలో మాత్రం దుకాణాల పక్కనే చేపల పడవలు ఇప్పటికీ పని చేస్తున్నాయి. మనం కోరవలసినది ఈ రెండో దారినే అని కార్యవర్గం అభిప్రాయం.

ఈ మేరకు విన్నపం రాసి సంబంధిత కార్యాలయానికి మూడుసార్లు అందజేశాము. రసీదు ముద్ర తప్ప జవాబు లేదు. ప్రదర్శనకు వస్తామన్న అధికారుల కోసం ముందు వరుసలో వేసిన కుర్చీలు సాయంత్రం దాకా ఖాళీగానే ఉండిపోయాయి.

జమాఖర్చుల పట్టిక తనిఖీదారు సంతకంతో వెనుక జతపరచాము, ఆమోదించవలసిందిగా కోరుతున్నాను.

పటాలు గీసిన విద్యార్థులకు, హాలు ఉచితంగా ఇచ్చిన దాతకు, రెండు రోజులూ వంట బాధ్యత మోసిన మహిళా సభ్యులకు, ఇంటి పెట్టెల్లోంచి పాత ఫోటోలు తీసి ఇచ్చిన కుటుంబాలకు సంఘం తరఫున హృదయపూర్వక కృతజ్ఞతలు. దుమ్ములపేట నమోదు వచ్చే ఆదివారం ఉదయం ఏడింటికి తిరిగి మొదలవుతుంది. పుస్తకం, పెన్ను సంఘమే ఇస్తుంది, సభ్యులు జగన్నాథపురం వంతెన దగ్గరకు రావలసిందిగా మనవి.

ఇట్లు,
కార్యదర్శి