టేపు ఎక్కడ పెట్టి కొలుస్తున్నారు సార్?

గౌరవనీయులైన పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ ముఖ్య కార్యదర్శి గారికి నమస్కరించి రాయునది.

నేను ప్రభుత్వ పాఠశాలల్లో ముప్పై ఒక్క ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైన మనిషిని. వానాకాలంలో మా ఇంట్లోకి వచ్చే నీళ్ల గురించి ఇంతకు ముందు కింది ఆఫీసుల్లో ఐదు అర్జీలు ఇచ్చాను. ఐదింటికీ రసీదులు ఉన్నాయి. మూడింటికి "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది" అని ఫోన్‌కు మెసేజ్ కూడా వచ్చింది. మూడో మెసేజ్ వచ్చినప్పుడు నేను మోకాటి లోతు నీళ్లలో నిలబడి ఫ్రిజ్ కింద ఇటుకలు పెడుతున్నాను. తడి చేత్తోనే చదివాను. పరిష్కరించినవారికి కృతజ్ఞతలు చెప్పాలంటే ఆ మెసేజ్‌కు తిరిగి జవాబిచ్చే వీల్లేదు. అందుకని ఈ ఉత్తరం అందరూ చదివేలా మీకే రాస్తున్నాను. జీవోల కింద సంతకం మీదే కదా.

రోహిణి కార్తె అయిపోవచ్చింది. మృగశిర వస్తోందంటే జనానికి చేపలు గుర్తొస్తాయి. హైదరాబాద్‌లోని మా కాలనీలో మాత్రం అది ఇన్వర్టర్ బ్యాటరీ మేడ ఎక్కే రోజు. బియ్యం డ్రమ్ము, పిల్లల సర్టిఫికెట్లు, మా ఆవిడ కుట్టు మిషను, అన్నీ పై గదికి పోతాయి. దసరా దాటాకే మళ్లీ కిందికి వస్తాయి. పైన మీర్‌పేట చెరువులు, పక్కన సరూర్‌నగర్ చెరువు, మధ్యలో మేము. పై చెరువు మత్తడి దూకితే ఆ నీళ్లు కింది చెరువుకు, అక్కణ్నుంచి మూసీకి పోవాలి. వాటికి మా వీధి చివర ఒక నాలా, అంటే వాన నీళ్లు పోయే కాలువ, ఉండేది. ఇప్పుడూ ఉంది, పేరుకి. నీళ్లు మాత్రం మా వీధిలోంచే పోతున్నాయి.

భవన నిర్మాణ నిబంధనల 2012 జీవో 168 గురించి మీకు నేను చెప్పడం తాతకు దగ్గులు నేర్పడమే. అయినా అందులో ఒక లెక్క నాకు ఎంతకీ కుదరడం లేదు. పది మీటర్లకు మించి వెడల్పున్న నాలా అయితే హద్దు నుంచి తొమ్మిది మీటర్లు ఏమీ కట్టకుండా వదలాలి, దాన్నే బఫర్ అంటారు. పది మీటర్ల లోపైతే రెండు మీటర్లు వదిలితే చాలు. పదో తరగతిలో ఇలాంటి లెక్క ఇస్తే వెనక బెంచీ పిల్లాడు కూడా వెంటనే అడుగుతాడు, "సార్, మరి నాలాను ముందే కొంచెం పూడ్చేస్తేనో?" అని.

మా నాలా సంగతి సరిగ్గా అదే. పాత గ్రామ నక్షా స్కేలు పెట్టి చూస్తే దాని వెడల్పు 14 మీటర్లు వచ్చింది. రెండు వైపులా తొమ్మిదేసి కలిపితే 32 మీటర్లు నీటికి వదలాలి. ఇరవై ఏళ్లలో ఆ గట్టూ ఈ గట్టూ కొంచెం కొంచెం జరిగి, ఇప్పుడు గోడ నుంచి గోడకు 6.2 మీటర్లు ఉంది. కొలిచింది నేనే, ఇద్దరు పిల్లలు టేపు పట్టుకున్నారు. 6.2కు రెండు వైపులా రెండేసి కలిపితే 10.2 మీటర్లు. అంటే నాలాను తిన్నవాడికి శిక్ష లేకపోగా బఫర్‌లో ఏడేసి మీటర్లు బహుమతిగా వస్తున్నాయి. జీవోలో "నిర్ధారించిన హద్దు" అనే రాశారు, కాదనను. ఆ హద్దు ఎవరు, ఏ నక్షా చూసి, ఎప్పుడు నిర్ధారించారు? మా పక్క అపార్ట్‌మెంటుకు అనుమతి ఇచ్చే ముందు టేపుతో వచ్చిన కుర్రాణ్ని అడిగాను, నక్షా తెచ్చారా బాబూ అని. "ఉన్నదే కొలుస్తాం అంకుల్" అన్నాడు. వాడి తప్పేమీ లేదు. ఉద్యోగంలో చేరి ఆరు నెలలైందట.

చెరువుల దగ్గరా ఇదే తంతు. పది హెక్టార్లు, ఆపైన ఉంటే ముప్పై మీటర్ల బఫర్, అంతకు తక్కువైతే తొమ్మిది మీటర్లు. చెరువు చిక్కితే బఫర్ కూడా చిక్కుతుంది. ఇలాంటి రూలు రాసినవాళ్లు మంచివాళ్లే అయి ఉంటారు, మన ఊళ్లో భూమి గజం ఎంతో తెలియని మంచివాళ్లు.

2020 అక్టోబరు 13 రాత్రి సంగతి చెప్పకుండా ఉండలేను. ఎనిమిదిన్నరకు బాత్రూం జాలీలోంచి నీళ్లు పైకి తన్నాయి. వరద గేటులోంచి వస్తుందని మనం గేటుకేసి చూస్తుంటాం, అది మొదట బాత్రూంలోంచి వస్తుంది సార్. ఆ తర్వాత గేటు వైపు నుంచీ వచ్చింది. పది దాటాక కరెంటు పోయింది. మా అత్తగారికి అప్పుడు ఎనభై రెండేళ్లు. ఆమెను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నేనూ మా అబ్బాయీ మేడ మీదికి మోశాం. అర్ధరాత్రి ఎవరో తలుపు కొడుతున్నట్టు ఆగి ఆగి చప్పుడు. సాయం కోసం ఎవరైనా వచ్చారేమోనని టార్చి పట్టుకుని నడుము లోతులో దిగాను. చూస్తే వంటింట్లోంచి తేలుతూ వచ్చిన ఖాళీ గ్యాస్ సిలిండరు ముందు గది తలుపుకు కొట్టుకుంటోంది. ఐదేళ్లు దాటినా గట్టి వాన రాత్రి మా ఆవిడకు ఆ చప్పుడు వినిపిస్తుంది. లేచి కూర్చుంటుంది.

ఆ తర్వాత ఆఫీసుకు వెళ్తే "ఎప్పుడూ లేనంత వాన పడింది మాస్టారూ, మేం మాత్రం ఏం చేస్తాం" అన్నారు. ఆ రోజు బేగంపేటలో 19 సెంటీమీటర్లు పడింది. 2000 ఆగస్టులో అదే బేగంపేటలో ఒక్క రోజులో 24 సెంటీమీటర్లు పడింది. ఆ ఏడు నీళ్లు మా గేటు దాకా వచ్చి ఆగాయి. ఎక్కువ వానకు గేటు దగ్గర ఆగిన నీళ్లు తక్కువ వానకు నడుము దాకా ఎలా వచ్చాయో ఎవరైనా లెక్క చేసి చూపిస్తే మార్కులు వేస్తాను. 2000 నాటి వరద తర్వాతే కిర్లోస్కర్ కమిటీ కూర్చుని, నాలాలు వెడల్పు చేయాలని 2003లో చెప్పింది. 2020 వరదకు ఇచ్చిన ఇంటికి పదివేల సాయం మాకూ అందింది, అబద్ధం చెప్పకూడదు. ఫ్రిజ్జుకూ మోటారుకూ సరిపోయింది. 2021లో నాలాల అభివృద్ధి పథకం ఎస్ఎన్‌డీపీ కింద మొదటి విడతకు 985 కోట్లు అన్నారు. కొన్ని చోట్ల బాక్సు డ్రెయిన్లు వచ్చి నీళ్లు లాగుతున్నాయి కూడా. నా భయం వేరే. మా 6.2 మీటర్లలోనే బాక్సు పోశారనుకోండి, కబ్జాకు కాంక్రీటుతో పట్టా రాసిచ్చినట్టే. పోసే ముందు హద్దు తేల్చండి.

ఇప్పుడు రోడ్డు సంగతి. 1994లో ఇల్లు కట్టినప్పుడు వీధిలోంచి మూడు మెట్లు ఎక్కి వరండాలోకి వెళ్లేవాళ్లం. ఇప్పుడు వీధిలోంచి రెండు మెట్లు దిగి వెళ్తున్నాం. ఇల్లు కుంగలేదు. రోడ్డు ఐదుసార్లు వేశారు, ఒక్కసారీ పాతది తవ్వలేదు. సారికి అరడుగు. అంటే ముప్పై అంగుళాలు. ప్రతి ఎన్నికల ముందు మా వీధికి అభివృద్ధి జరుగుతుంది, మా గడపకు అంతే లోతు పెరుగుతుంది. పాత పొర గీకేసి ఆ మట్టంలోనే కొత్తది వేయాలన్న నిబంధన టెండరు కాగితంలో పెట్టడానికి ఎన్ని కోట్లు కావాలి? పక్కింటాయన విసుగొచ్చి పాతిల్లు పడగొట్టించి, నాలుగడుగులు మట్టి పోయించి కొత్తది కట్టాడు. ఆయన వాటా నీళ్లు కూడా ఇప్పుడు మా ఇంటికే వస్తున్నాయి. ఆయన్ని తిట్టలేను, డబ్బుంటే నేనూ అదే చేసేవాణ్ని.

వాన తగ్గాక ఇంకో వరద ఉంటుంది. నాలా పక్క అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో నీళ్లు నిండుతాయి. మోటార్లు పెట్టి రాత్రంతా వీధిలోకి తోడతారు. ఆకాశంలో చుక్కలు కనిపిస్తుంటాయి, మా వాకిట్లో నీళ్లు పెరుగుతుంటాయి. సెల్లారుకు అనుమతి ఇచ్చేటప్పుడు ఆ నీళ్లు ఎటు పోవాలో అడిగే గడి మీ దరఖాస్తులో ఉందా? ఉంటే మా దగ్గర ఎవరూ నింపినట్టు లేదు.

ఇంకుడు గుంత గురించి క్లుప్తంగా. మా వీధిలో దాన్ని ఫోటో గుంత అంటారు. తవ్వి, రెండు తట్టల కంకర పోసి, ఫోటో తీసి, గృహప్రవేశానికి ముందు పైన టైల్సు వేస్తారు. ఎకరం జాగాలో సిమెంటు పరిచి కట్టిన చోట పది సెంటీమీటర్ల వాన పడితే నాలుగు లక్షల లీటర్లు, అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు ఎనభై. అవన్నీ గంటలో మోరీలోకి దిగాలి. మన మోరీలు గంటకు రెండు సెంటీమీటర్ల వానకే తట్టుకుంటాయని మీవాళ్లే అంటుంటారు. అదే అపార్ట్‌మెంటు వాళ్లు ఏప్రిల్‌లో ట్యాంకర్ కోసం అర్ధరాత్రి దాకా కాచుకుని కూర్చుంటారు. 500 చదరపు మీటర్ల లోపు స్థలాలకైతే యజమాని మాట మీదే అనుమతి ఇచ్చేలా 2020లో చట్టం తెచ్చారు. మామీద నమ్మకం పెట్టుకున్నందుకు సంతోషమే. 21 రోజుల్లో తనిఖీ చేస్తామన్నారు. మా వీధిలో ఆ పేరున ఒక్క మనిషి వచ్చినా నేను చూడలేదు, రిటైరయ్యాక ఇంట్లోనే ఉంటున్నాను కాబట్టి చెబుతున్నాను.

2024లో హైడ్రా వచ్చింది. కూల్చడానికి ఒక సంస్థ పెట్టారు, కట్టనిచ్చే రూలు మాత్రం అలాగే ఉంచారు. ఒక చేత్తో అనుమతి, ఇంకో చేత్తో బుల్డోజరు. మధ్యలో బ్యాంకు లోను తీసుకున్నవాడు పోతాడు. ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. హద్దులు తేల్చమని నేను అడిగితే, ముందుగా నాలా గట్టు మీద రేకుల షెడ్లలో ఉన్న నాలుగు కుటుంబాలను లేపుతారని నాకు భయం. వాళ్లు తిన్నది రెండు గజాలు. ఐదంతస్తుల వాళ్లు తిన్నది మీటర్లలో. కొలత పెద్ద గోడ దగ్గర మొదలుపెట్టండి. షెడ్ల వాళ్లకు ఇల్లు చూపించాకే అటు రండి.

1908లో మూసీ ఊరిని ముంచితే నిజాం సర్కారు విశ్వేశ్వరయ్యను పిలిపించింది. 1920కి ఉస్మాన్‌సాగర్, 1927కి హిమాయత్‌సాగర్ తయారయ్యాయి. అవి పైనున్నా సరే, 2025 సెప్టెంబరులో మూసీ ఎంజీబీఎస్ బస్టాండులోకి వచ్చింది. ఇప్పుడు మిమ్మల్ని రిజర్వాయరు కట్టమని ఎవరూ అడగడం లేదు. జీవోలో ఒక వాక్యం మార్చమంటున్నాను. నాలా ఈరోజు ఎంత మిగిలిందని కాదు, పాత నక్షాలో ఎంత ఉందో చూసి బఫర్ లెక్కకట్టాలని రాయండి. ఇంకుడు గుంతలో బకెట్ నీళ్లు పోసి ఇంకుతున్నాయో లేదో చూశాకే, కట్టిన ఇంట్లో ఉండొచ్చని చెప్పే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇవ్వమనండి. రోడ్డు మట్టం పెంచొద్దని రాయండి. ఇంకా చాలా ఉన్నాయి, అవన్నీ ఐదు అర్జీల్లోనూ రాశాను, తెప్పించుకుని చూడండి. అన్నిటికన్నా ముందు మాత్రం ఆ వాక్యం. దయచేసి ఆ ఒక్క వాక్యం.

జవాబు ఇవ్వదలిస్తే కవరు మీద "మేడ మీది గది" అని తప్పకుండా రాయించండి. కింద గేటుకున్న పోస్టు డబ్బా పోయినేడు వరదకు కొట్టుకుపోయింది. కొత్తది ఇంకా పెట్టలేదు, ఏ ఎత్తులో పెట్టాలో తెలియక.

ఇట్లు,
సరూర్‌నగర్ చెరువు పక్క కాలనీ నుంచి
ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు